బ్రీడా బుట్టలో మూడు రంగులు

పొద్దున్నే మేము అద్దెకిచ్చే బూట్ల గది తలుపు తీయగానే లోపలి గాలి మొహానికి కొడుతుంది. నిన్న వచ్చి వెళ్ళినవాళ్ళందరి పాదాల చెమట, తడిసిన ఉన్ని మేజోళ్ళు, మేము చల్లే నిమ్మకాయ మందు, వేడిగాలి యంత్రం, అన్నీ కలిసి ఒకటే వాసన. కొత్తగా పనిలో చేరినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం ఓ నిమిషం గడపలోనే నిలబడిపోతాను. ఆ వాసన తగలగానే వెనక నుంచి బ్రీడా "తలుపు వేస్తావా, ఈ కొండకంతా వేడి పెడతావా?" అని అరిచినట్టే ఉంటుంది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, అదీ ఐర్లండ్ పల్లెటూరి ఇంగ్లీషు, సగం ముక్కులోంచి వచ్చేది. కానీ ఆవిడ మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి. ఎలా అనువదించుకున్నానో నాకే తెలియదు.

మాది తణుకు దగ్గర చిన్న ఊరు. ఆరో తరగతి తప్పాక మా నాన్న నన్ను మళ్ళీ బడికి పంపలేదు, నేనూ ఏడవలేదు. మా మేనత్త కొడుకు శ్రీను బావ కంప్యూటర్లు చదివి డబ్లిన్‌లో లెపర్డ్స్‌టౌన్ దగ్గర ఆఫీసులో చేరాడు, నన్ను పెళ్ళి చేసుకుని ఇక్కడికి తెచ్చాడు. మా అబ్బాయి బడికి వెళ్ళడం మొదలుపెట్టాక ఇంట్లో నాకు గోడలే దిక్కయ్యాయి. ఊరికే బస్సెక్కి తిరిగేదాన్ని. ఒకరోజు బస్సు కిటికీలోంచి చూస్తే కొండవాలు మీద జనం జారుతున్నారు. మంచు లేదు. ఎవరో పెద్ద బాత్‌రూమ్ బ్రష్షు తెచ్చి కొండ మీద వెల్లకిలా పరిచినట్టు తెల్లటి కుచ్చుల చాప, దానిమీద కాళ్ళకి పొడుగాటి పలకలు కట్టుకున్న మనుషులు. చాప జారుడుగా ఉండాలని పైపుల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నారు. అప్పటికే వాన పడుతోంది. వాన పడే దేశంలో వానలో నిలబడి నీళ్ళు చిమ్ముకుంటున్న మనుషుల్ని చూసి, వీళ్ళని ఒకసారి దగ్గర నుంచి చూడాలని బస్సు దిగాను.

గేటు దగ్గర ఒకావిడ ఉంది, ఆవిడే బ్రీడా. అరవై దాటిన మనిషి, పొట్టిగా, పత్తిబస్తాలా గట్టిగా. నన్ను ఎగాదిగా చూసి, "జారడానికొచ్చావా, పనికొచ్చావా?" అంది. బూట్ల గదికి మనిషి కావాలని బయట కాగితం అంటించి ఉందట. నాకు ఇంగ్లీషు చదవడం రాక చూడలేదు. ఏమనాలో తెలియక, "పనికి" అన్నాను. ఆ పలకలకి బిగించే స్కీ బూట్లు చేతికందిన ఒక జత నా మీదికి విసిరింది. ఒక్కో బూటు రుబ్బురోలు పొత్రమంత బరువు. రెండూ పట్టుకున్నాను. "సోమవారం రా" అంది బ్రీడా. నా ఇంటర్వ్యూ అంతే. బావ తన ఉద్యోగానికి ఐదుసార్లు ఇంటర్వ్యూకి వెళ్ళాడు. ఆ మాట ఇంట్లో అనకుండా ఉండడానికి నేను చాలా ప్రయత్నించాను, కుదరలేదు.

బ్రీడా పని గేటు దగ్గరే. ఒక ప్లాస్టిక్ బుట్టలో మూడు రంగుల గుడ్డపట్టీలు పెట్టుకుని నిలబడేది. వచ్చిన ప్రతి మనిషి జబ్బకీ ఒక పట్టీ కట్టేది. ఆకుపచ్చ కడితే చిన్న వాలు, అది మా ఇంటి అరుగు కన్నా కాస్త ఎత్తు. నీలం కడితే నడిమి వాలు. ఎరుపు కడితే పెద్ద వాలు. దాని మీంచి కిందికి చూస్తే వాటర్ ట్యాంకు ఎక్కి చూసినట్టు ఉంటుంది. కట్టే ముందు "ఇదివరకు జారారా?" అని అందరినీ అడిగేది. అడిగి, జవాబు వినేది కాదు. బూట్ల గదికీ గేటుకీ మధ్య మూడు మెట్లున్నాయి. స్కీ బూట్లు వేసుకుంటే చీలమండ వంగదు, రెండు కాళ్ళూ రెండు బకెట్లలో పెట్టి నడిచినట్టుంటుంది. ఆ మూడు మెట్లూ మనిషి ఎలా దిగుతాడో చూసి పట్టీ తీసేది.

నేను చేరిన మొదటి వారంలో ఒకాయన వచ్చాడు. మెరిసే జాకెట్టు, నుదుటి మీద నల్ల కళ్ళద్దాలు. తను ఫ్రాన్స్‌లో జారానని, ఆస్ట్రియాలో జారానని బూట్ల గదిలో నాకు కూడా చెప్పాడు. మూడు మెట్లూ గోడ పట్టుకుని దిగాడు. బ్రీడా ఆకుపచ్చ కట్టింది. ఆయనకి కోపం వచ్చింది. "నా జాకెట్టు చూశావా?" అన్నాడు. "చూశాను, జాకెట్టు ఒక్కటే వెళ్ళేట్టయితే ఎరుపు కడతాను" అంది బ్రీడా. ఆయన వెనకే కూరగాయల సంచీతో ఒక ముసలావిడ, పాత స్వెట్టరు వేసుకుని. "ఏదో కొంచెం వచ్చు" అని గొణిగింది. ఆవిడకి ఎరుపు. ఆ ముసలావిడ పెద్ద వాలు మీంచి దోసెపెనం మీద నూనెబొట్టులా వచ్చేసింది. ఆ మధ్యాహ్నం బ్రీడా రొట్టెముక్కల మధ్య వెన్నా, చిప్సూ పెట్టుకుని కరకరా తింటుంటే, ఎలా తెలిసిందని అడిగాను. "నోటికి ఇంట్లో పాఠం చెప్పి పంపిస్తారు మంగా. మోకాళ్ళకి ఎవరూ చెప్పరు. అవి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాయి" అంది. నేను తెచ్చిన పులిహోర కూడా తిని "గ్రాండ్" అంది. ఇక్కడ ఆ మాటకి బాగుందని అర్థం కాదని, ఇంక ఏమీ అడక్కు అని అర్థమని నాకు అప్పటికే తెలుసు.

నాలుగేళ్ళు ఆవిడ పక్కన గడిచాయి. అరవై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు మూడు నెలలు పట్టింది. తర్వాత ఎంత అలవాటయిందంటే, ఖాళీ దొరికినప్పుడల్లా గేటు పక్కన చేరి, ఎవరు మెట్లు దిగుతున్నా మనసులో ఒక రంగు అనుకునేదాన్ని. బ్రీడా బుట్టలోంచి అదే రంగు తీస్తే నాకు లాటరీ తగిలినట్టుండేది. ఆవిడ గమనించింది. ఒకరోజు, "ఈ వసంతంలో నేను ఆపేస్తున్నాను. తుంటి నొప్పి. డెర్మట్ గేటు దగ్గర ఒక కంప్యూటర్ తెర పెడతానంటున్నాడు, జనం ఎవరి రంగు వాళ్ళే నొక్కుకుంటారట" అంది. డెర్మట్ ఆ చోటికి యజమాని. "ఎవరి రంగు వాళ్ళే నొక్కుకుంటే ఇక్కడ ఎముకల డాక్టరు కూడా ఒక దుకాణం పెట్టుకోవచ్చు. నీకు బుట్ట ఇవ్వమన్నాను. నీకు చదువు లేదన్నాడు. మెట్లు దిగేది చూడడానికి ఏం చదువు కావాలి అన్నాను. ఒక ఆదివారం ఇచ్చి చూస్తానన్నాడు. నేను నోరెత్తకూడదట."

నాకు ఆ బుట్ట ఎంత కావాలో అప్పటిదాకా నాకే తెలియదు. బూట్ల గదిలో వంగి పనిచేసేటప్పుడు నాకు జనం మేజోళ్ళు కనిపిస్తాయి. గేటు దగ్గర నిలబడితే మొహాలు కనిపిస్తాయి. అదీగాక బావకి నా పని సంగతి ఆఫీసులో చెప్పడం ఇష్టం లేదు. "ఏదో స్పోర్ట్స్ సెంటర్‌లో ఉందండీ" అనేవాడు. గేటు మనిషినైతే ఆ 'ఏదో' పోతుందని నా ఆశ.

డెర్మట్ ఇచ్చిన ఆదివారం నాడే, నా ఖర్మకొద్దీ, బావ ఆఫీసు తెలుగువాళ్ళు కుటుంబాలతో కలిపి ముప్పైమంది దిగారు. ముందు వరసలో మూర్తిగారు, బావకి మేనేజరు. ఆయన వెనక ఆయన భార్య లలితగారు, తర్వాత మిగిలినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, చిట్టచివర వాళ్ళతో కూడా వచ్చిన స్వప్న అని పీజీ చదువుకునే వరంగల్ పిల్ల. బావ మొహం అప్పుడే పాలిపోయి ఉంది. బ్రీడా టీ కెటిల్ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. డెర్మట్ కిటికీలోంచి చూస్తున్నాడు.

ఇక్కడ మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. మా వైపు పెళ్ళిళ్ళలో భోజనాల బంతి దగ్గర నిలబడి, ఎవరు మొదటి బంతో, ఎవరు రెండో బంతో ఆవిడే తేల్చేది. మగపెళ్ళివారు, వయసులో పెద్దలు, ఊళ్ళో పెద్దలు ముందు. పిల్లలు ఆఖరున. ఒక్క విస్తరి అటూ ఇటూ అయితే రెండు కుటుంబాలు పదేళ్ళు పలకరించుకునేవి కావు. నేను చిన్నప్పుడు ఆవిడ కొంగు పట్టుకుని ఆ విద్యంతా నేర్చుకున్నాను. నాలుగేళ్ళుగా బ్రీడా దగ్గర నేర్చుకున్నది, మనవాళ్ళు వరసలో నిలబడగానే, ఎటు పోయిందో పోయింది. నా చేతుల్లోకి మా అమ్మమ్మ వచ్చింది.

మూర్తిగారు మూడు మెట్లూ వెనక్కి తిరిగి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, అటక మీంచి నిచ్చెన దిగినట్టు దిగారు. చూశాను. కళ్ళారా చూశాను. ఆయన నా ముందుకొచ్చి, "ఏమ్మా, మనకేది?" అన్నారు దర్జాగా. బావ మేనేజరుని, యాభై దాటిన మనిషిని, ఐదేళ్ళ పిల్లల మధ్యకి ఎలా పంపను? ఎరుపు కట్టాను. "బాగుంది, శుభప్రదంగా ఉంది" అన్నారాయన. లలితగారికి నీలం. ఆఫీసులో ఎవరు ఎంత సీనియరో ఆ వరసలోనే నీలాలు కట్టుకుంటూ వచ్చాను. చివర స్వప్న వచ్చింది. మెట్లమీంచి గెంతి దిగింది. "ఆంటీ, నాకు మంచిగ వస్తది. హిమాలయాల్ల ఔలీల నెల రోజులు నేర్చుకున్న" అంది. "అలాగేనమ్మా, పెద్దవాళ్ళని కానివ్వు ముందు" అని ఆకుపచ్చ కట్టాను. టీ కెటిల్ దగ్గర బ్రీడా కళ్ళు మూసుకోవడం నాకు కనిపించింది.

పెద్ద వాలు మీదికి ఒక తాడు లాక్కెళ్తుంది. దానికి వేలాడే కర్రని పట్టుకోవాలి. రానివాళ్ళు మధ్యలోనే వదిలేసి పడిపోతారు, మెత్తగానే పడతారు. మూర్తిగారు వదల్లేదు. పట్టుకున్నది వదలకపోవడమే ఆయన్ని మేనేజరుని చేసిందని బావ తర్వాత అన్నాడు. శిఖరం దాకా వెళ్ళారు. అక్కడ చిన్న గుడిసె ఉంది. దాని పక్కన నిలబడ్డారు. కింద మిగిలినవాళ్ళంతా ఫోన్లెత్తి వీడియో తీస్తున్నారు. ఆయన చెయ్యి ఊపారు. వీళ్ళు ఊపారు. ఐదు నిమిషాలయింది. ఆయన మళ్ళీ ఊపారు. పది నిమిషాలయింది. బావ ఫోన్ మోగింది.

"శ్రీనూ, ఇక్కడ వ్యూ చాలా బాగుందయ్యా. సముద్రం కనపడుతోంది. నేను కాసేపు ఉంటా."

"అలాగే సార్, ఎంజాయ్ చేయండి సార్."

ఇంకో ఐదు నిమిషాలకి మళ్ళీ మోగింది. "శ్రీనూ, ఊరికే అడుగుతున్నాను. ఇక్కడ మెట్లేమైనా ఉన్నాయా?"

బావ నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "ఏం కట్టావే ఆయనకి? వెళ్ళు, ఏదో ఒకటి చెప్పి దింపు. టైమయిపోయిందని చెప్పు, కరెంటు పోయిందని చెప్పు. ఆయనకి రాదని మాత్రం అనకు, నీకు దణ్ణం పెడతాను." నేను బ్రీడా వైపు చూశాను. ఆవిడ వచ్చి కాపాడుతుందని. ఆవిడ టీ తాగుతూ, "నువ్వు కట్టిన పట్టీ. నువ్వే వెళ్ళు. ఆయన సొంత బూట్లు పట్టుకెళ్ళు" అంది.

వాలు పక్కన పనివాళ్ళ మెట్లున్నాయి. ఆయన విప్పి వెళ్ళిన మామూలు బూట్లు సంచీలో వేసుకుని ఎక్కాను. ఎక్కుతున్నంతసేపూ అబద్ధాలు వరస పెట్టుకున్నాను. లలితగారికి తల తిరుగుతోందని, ఫోటోకి పిలుస్తున్నారని, టీ చల్లారిపోతోందని. ఒక్కోటీ బాగానే ఉంది. కానీ అన్నిట్లోనూ ఆయన కిందికొచ్చి, మళ్ళీ ఎర్రపట్టీతోనే తిరుగుతారు. మధ్యాహ్నం మళ్ళీ ఎక్కుతారు. ఈసారి ఎవరైనా సరదాగా వెనక నుంచి తోస్తే? సగం మెట్ల మీదే ఆ అబద్ధాలన్నీ వదిలేశాను. పైకి చేరేసరికి మూర్తిగారు గుడిసెకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. పైపులోంచి చిమ్మే నీళ్ళకి ప్యాంటు తడిసి, కాళ్ళకి అంటుకుంది. సముద్రం వైపు వీపు పెట్టి కూర్చున్నారు.

"అన్నయ్యగారూ, తప్పు నాదండీ" అన్నాను. "మీరు మెట్లు దిగుతున్నప్పుడే చూశాను. మీకు ఇది రాదండీ. మేనేజరుగారు కదా, పిల్లల్లో వేస్తే బాగోదని ఎర్రది కట్టాను. మీరు కిందపడితే నాదే పాపం."

ఆయన జబ్బ మీది ఎర్రపట్టీ తడుముకున్నారు. తర్వాత, "నేను మాత్రం వద్దన్నానా చెల్లెమ్మా? నీ బుట్టలో ఎర్రది చూడగానే అదే మనదనుకున్నా" అన్నారు. కిందికి చూపిస్తూ, "అందరూ చూస్తారు కదా" అన్నారు.

"చూస్తారండి. వీడియో కూడా తీస్తారు."

ఆయనకి నవ్వొచ్చింది. చెయ్యి చాపారు. ఎర్రది విప్పి ఆకుపచ్చది అక్కడే కట్టాను. బూట్లు మార్చుకుని, ఒక్కో మెట్టూ ఇద్దరం దిగాం. కింద ఫోన్లన్నీ ఇంకా ఎత్తే ఉన్నాయి. బావ నేల చూస్తున్నాడు. లలితగారు మాత్రం ఆయన జబ్బ మీది ఆకుపచ్చ చూసి, "ఇరవయ్యేళ్ళ నుంచి చూస్తున్నా, ఎక్కినచోటు నుంచి ఈయన్ని దింపిన మనిషిని ఇప్పుడే చూశా. నాకూ అదే కట్టు వదినా, ఈ నీలం చూస్తేనే నాకు కాళ్ళాడటం లేదు" అంది.

అంతే, వరస కట్టేశారు. నీలం కట్టించుకున్నవాళ్ళలో చాలామంది సిగ్గుపడుతూ చేతులు చాపారు. "సార్ పక్కన ఉంటాం" అని ఒకరు, "మా వాడికి తోడుగా" అని ఒకరు. నేను ఈసారి ఒక్కొక్కరినీ మళ్ళీ మూడు మెట్లూ దిగమన్నాను. బుట్టలో ఆకుపచ్చలు అయిపోయి, కుట్టు ఊడిన పాతవి కూడా తీయాల్సి వచ్చింది. స్వప్నకి ఎర్రది కట్టి, "నేను తప్పు కట్టానమ్మా" అన్నాను. "పోనీ ఆంటీ, గింతదానికేంది" అని తాడు పట్టుకుంది. ఆ పిల్ల కిందికొచ్చిన తీరు చూసి డెర్మట్ కూడా కిటికీ తెరిచాడు. చిన్న వాలు మీద మూర్తిగారు ఐదారేళ్ళ పిల్లల మధ్య నిలబడ్డారు. పిల్లలంతా ఐరిష్ యాసలో, "అంకుల్, కాళ్ళు పిజ్జా ముక్కలా, ముందు కొసలు కలిపి పెట్టండి!" అని ఒకటే అరుపులు. ఆయన పడ్డప్పుడల్లా, "యూ ఆర్ గ్రాండ్ అంకుల్!" అని లేపారు. నాలుగోసారి పడకుండా చివరిదాకా వచ్చి, రెండు చేతులూ ఎత్తి, ఆ ఎత్తడంలో పడిపోయారు.

సాయంత్రం అందరూ వెళ్ళాక డెర్మట్ వచ్చాడు. "ముప్పైలో ఎన్ని తప్పు?" అన్నాడు. "పదిహేడు" అన్నాను. లెక్క నాకు కచ్చితంగా గుర్తుంది. అతను భుజాలెగరేశాడు. బుట్ట పోయిందనుకున్నాను. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో కూడా ఆలోచించుకోవడం మొదలుపెట్టాను. అప్పుడు బ్రీడా కప్పు కింద పెట్టింది.

"మా చర్చి ఫాదర్ గుర్తున్నాడా డెర్మట్?"

"కంచెలోకి వెళ్ళినాయనా?"

"ఆయనే. మెట్ల మీద కోడిపిల్లలా దిగాడు, నేను చూశాను. ఫాదర్‌కి ఆకుపచ్చ ఎలా కట్టను? ఎరుపు కట్టాను. చెయ్యి విరిగింది. వాలు తడిగా ఉందండీ అని చెప్పాను. పదకొండేళ్ళయింది. ప్రతి ఆదివారం ఆయన ముందు కూర్చుంటాను, ఇప్పటికీ నిజం చెప్పలేదు. ఈమె అరగంటలో కొండెక్కి చెప్పొచ్చింది. నీ తెర చెబుతుందా అలా?"

డెర్మట్ బుట్టని నా వైపు జరిపాడు. అతను కొన్న తెర ఇప్పుడు టీ గదిలో గోడకి ఉంది, వాతావరణం చూపిస్తుంది. ఎప్పుడు చూసినా వానే. ఆ రోజు ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో, దిగే ముందు బావ, "మూర్తిగారు మెసేజ్ పెట్టారే. వచ్చే నెల మళ్ళీ వస్తారట, నీలం దాకా వెళ్ళాలట. గేటు దగ్గర నిన్నే ఉండమన్నారు" అన్నాడు. సోమవారం నుంచి ఆఫీసులో ఎవరడిగినా, "మా ఆవిడ గేటు దగ్గర ఉంటుంది, ఎవరికి ఏ వాలో ఆవిడే చెప్పాలి" అంటున్నాడని లలితగారు నాతో చెప్పింది.

బ్రీడా వసంతంలో మానేసింది. తుంటికి ఆపరేషన్ అయింది. చాలాకాలం కనపడలేదు. కిందటి చలికాలం ఒక శనివారం బూట్ల గదిలోంచి వచ్చింది, సొంత స్కీ బూట్లు వేసుకుని. మూడు మెట్లు. కమ్మీ పట్టుకోలేదు, కానీ ఎడమ కాలు ప్రతిసారీ ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది. నా ముందుకొచ్చి జబ్బ చాపి, "ఎరుపు" అంది. వెనక వరసలో జనం ఉన్నారు. ఈ బుట్ట ఆవిడది. ఈ పట్టీలు ఆవిడ కుట్టినవి. అయినా ఆకుపచ్చ కట్టాను. ఆవిడ దాన్ని చూసుకుంది, నన్ను చూసింది, ఇక్కడ రాయకూడని మాట ఒకటి అంది. వెళ్ళి ఐదేళ్ళ పిల్లల మధ్య గంటసేపు జారింది, వాళ్ళకి నేర్పించే అమ్మాయిని తప్పుపడుతూ.

మరుసటి శనివారం మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆకుపచ్చే. మూడో శనివారం కూడా. నాలుగో శనివారం ఎడమ కాలు కుడికాలితో సమానంగా వచ్చింది. నేను నీలం కట్టాను. ఆవిడ పట్టీ చివర్లు సరిచేసుకుంది. గేటు దాటి నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి, "నేనడిగింది ఎరుపు" అంది.

"వచ్చే శనివారం రండి బ్రీడా, మళ్ళీ చూస్తాను" అన్నాను. ఇప్పుడు ఆ మాట ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను, ఏ రంగు కట్టినా. తప్పనిపిస్తే రండి, విప్పి మారుస్తాను, సాయంత్రందాకా ఇక్కడే ఉంటాను.